పాత సైనిక తుపాకితో అడవిపంది వేట, ఆ మాంసం వంట: పెద్దల సలహా కావాలి

కనిగిరి బిడ్డ (ప్రస్తుతం టెక్సాస్)

వేదికలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మాది కనిగిరి దగ్గర పల్లె. కొన్నేళ్లుగా ఉద్యోగరీత్యా అమెరికాలోని టెక్సాస్‌లో హెచ్‌వన్‌బీ వీసా మీద ఉంటున్నాను. నాతో పనిచేసే మిత్రుని కుటుంబానికి శాన్ ఆంటోనియో నగరానికి పడమరగా పశువుల బీడు ఉంది. అక్కడ అడవిపందులు మందలుగా దిగి పచ్చికనంతా మూతులతో తవ్విపోస్తున్నందువల్ల వాళ్లు ఏటా వేటాడుతుంటారు. ఈసారి నన్ను కూడా రమ్మన్నారు.

నాకు ఇస్తామన్నది పాత లీ ఎన్‌ఫీల్డ్ తుపాకి. చిన్నప్పుడు మన పోలీసు స్టేషన్ల ముందు పహరా జవాను భుజాన చూసిన త్రీనాట్‌త్రీయే. కట్టె మడమను ఇనుముతో కలిపేచోట కిరీటం గుర్తు, దాని కింద ఇషాపూర్ అన్న పేరు, 1942 అన్న సంవత్సరం చెక్కి ఉన్నాయి. దానితోపాటు అప్పటి సైనిక తూటాల పెట్టె కూడా ఉంది. యుద్ధం కోసం చేసిన తుపాకితో, యుద్ధం కోసం చేసిన తూటాతో జంతువును కొట్టడం సబబేనా? తినని జంతువును చంపడం నాకు ఇష్టం లేదు కాబట్టి ఆ మాంసాన్ని ఇంటికి తెచ్చుకొని మన పద్ధతిలో వండుకోవాలని ఉంది. అది క్షేమమేనా? తుపాకి తెలిసినవారు, వంట తెలిసినవారు, జబ్బుల సంగతి తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఆయుధశాల (ఒంగోలు)

నాయనా, నేను పోలీసు శాఖ ఆయుధశాలలో పనిచేసి విరమించినవాణ్ణి. ఈ తుపాకులను విప్పి, తుడిచి, బిగించడంలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను.

ఇషాపూర్ కర్మాగారం కలకత్తాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఉంది. మీరు చెప్పిన సంవత్సరాన్ని బట్టి అది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తయారైన, పది తూటాలు పట్టే నంబర్ వన్ మార్క్ త్రీ రకం అయి ఉండాలి. ముందుగా దానికి తగిన తూటా ఏదో నిర్ధారించుకోండి. అదే కర్మాగారం 1960లలో పైకి దాదాపు ఇలాగే కనిపించే మరో తుపాకిని 7.62 తూటాకు తయారు చేసింది. దాని మ్యాగజైను, అంటే తూటాలు పేర్చే పెట్టె, అడుగు భాగం కాస్త చదరంగా ఉంటుంది. మూడో రకం కూడా ఉంది. త్రీనాట్‌త్రీ గొట్టాన్నే లోపల నున్నగా తొలిచి, .410 మస్కట్‌గా మార్చి పోలీసులకు, జైలు కాపలాదారులకు ఇచ్చేవారు. ఈ మూడింటి తూటాలు ఒకదానిలో ఒకటి వాడితే ప్రాణాల మీదికి వస్తుంది.

తర్వాత బోల్టు, అంటే గొట్టం వెనుక తూటాను మూసిపట్టే కడ్డీ, దాని మీద అంకె, తుపాకి ఒంటి మీద అంకె ఒకటేనా అని చూడండి. మిగులు తుపాకులుగా అమ్ముడుపోయిన వాటిలో ఒకదాని బోల్టు మరొకదానికి చేరడం సర్వసాధారణం. అలాంటప్పుడు బోల్టు ముఖానికీ తూటా మడమకూ మధ్య ఖాళీ హెచ్చి, పేల్చినపుడు ఇత్తడి తొడుగు వెనకభాగం చీలి వేడి వాయువు ముఖం మీదికి తన్నుతుంది. తుపాకులు బాగుచేసేవారి దగ్గర ఈ ఖాళీని కొలిచే గేజీలు ఉంటాయి. అంకెలు కలిసినా సరే, ఒకసారి వాటితో పరీక్ష చేయించకుండా పేల్చవద్దు. ఎక్కడైనా డీపీ అన్న ముద్ర కనబడితే అది కవాతు నేర్పడానికి మాత్రమే పక్కన పెట్టిన తుపాకి అని అర్థం, దానితో తూటా పేల్చకూడదు. కట్టె ముందుభాగంలో, మ్యాగజైనుకు కాస్త ముందు, అడ్డంగా ఒక మర కనిపిస్తే కంగారు పడకండి. కట్టె చీలకుండా ఇషాపూర్‌వాళ్లు దిగ్గొట్టిన మర అది, ఆ కర్మాగారం తుపాకికి ఆనవాలు కూడా.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. తుపాకి సైనికులది కావడంలో తప్పేమీ లేదు, సైనిక తూటా వాడటం మాత్రం తప్పే. త్రీనాట్‌త్రీ మార్క్ సెవెన్ గుండు 174 గ్రెయిన్ల బరువుతో సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. పందికి ఆ శక్తి ధారాళంగా సరిపోతుంది. అయితే ఆ గుండు సీసం మొత్తాన్ని గట్టి లోహపు పొర కప్పి ఉంటుంది. శరీరంలో విచ్చుకునే గుండ్లను యుద్ధంలో వాడరాదని 1899లో హేగ్ సమావేశం ప్రకటించింది. ఆ వివాదానికి మూలమైన గుండు పుట్టింది కూడా మన కలకత్తా పక్కనున్న దమ్‌దమ్ ఆయుధ కర్మాగారంలోనే. పొర కప్పిన గుండు మెత్తని కండలో ఒక్కోసారి సన్నని రంధ్రం చేసుకొని అవతలికి పోతుంది, ఒక్కోసారి పల్టీ కొట్టి చెప్పలేనంత గాయం చేస్తుంది. మొదటి సందర్భంలో జంతువు గంటల తరబడి తిరిగి ఎక్కడో పొదలో చస్తుంది. జంతువును క్షణాల్లో పడగొట్టడం వేటగాడి బాధ్యత కాబట్టి వేటకు ముక్కు మెత్తగా ఉండి లోపల విచ్చుకునే గుండే కావాలి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు పొర గుండును చట్టరీత్యానే నిషేధించాయి.

ఆ పాత పెట్టెను పక్కన పెట్టించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ కాలపు తూటాల ప్రైమరులో, అంటే మందును రాజేసే అడుగు బిళ్లలో, పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలిన తర్వాత గొట్టంలో మిగిలే ఉప్పు గాలిలోని తేమను పీల్చి, ఒక్క రాత్రిలోనే తుప్పు మొదలుపెడుతుంది. నూనెతో తుడిస్తే ఆ ఉప్పు పోదు. మా రోజుల్లో మరిగే నీళ్లు గరాటుతో గొట్టంలో పోసి, ఆరిన తర్వాతనే నూనె పట్టించేవాళ్లం.

కావలి అన్న (ఆస్టిన్)

ఆయుధశాల గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది తక్కువే, కానీ తమ్ముడూ, నువ్వు వీసా మాట చెప్పావు కాబట్టి వేటకన్నా ముందు ఈ సంగతి విను. వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకిని గాని తూటాను గాని దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కాసేపటికి ఎరువు తీసుకున్నా అంతే. ఈ నిషేధానికి ఉన్న మినహాయింపుల్లో మనవంటివారికి పనికొచ్చేది రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఇక్కడే చాలామంది మనవాళ్లు పొరబడతారు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో భూయజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో అడవిపందిని కొట్టడానికి లైసెన్సు అక్కరలేదు. నీ మిత్రుడు ఆ మాట చెప్పి "కాగితం ఎందుకు, వచ్చేయ్" అని పిలుస్తాడు. అతని వరకు అది నిజమే. నీకు మాత్రం పంది కోసం కాకపోయినా తుపాకి పట్టుకోవడానికి ఆ లైసెన్సు కావాలి. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తర్వాత గాని పుట్టినవారికి వేటగాళ్ల శిక్షణ తరగతి కూడా తప్పనిసరి. అది పూర్తిచేసి, లైసెన్సు జేబులో పెట్టుకొని వెళ్లు. అనుమానం ఉంటే వలస న్యాయవాదిని అడుగు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న మనిషికి ఈ కేసు చాలా ఖరీదైనది.

దూరం గురించి కూడా ఒక మాట. ఆ రకం తుపాకి మీద గురి చూసే సైటు 200 గజాల గుర్తు కంటే కిందికి దిగదు. మనం పందిని కొట్టేది 60, 80 గజాల్లో. అంత దగ్గరలో గుండు గురికన్నా కొన్ని అంగుళాలు పైన తగులుతుంది. అందుకని ముందుగా కాగితం గురి మీద, వేటలో వాడబోయే తూటాలతోనే సాధన చెయ్యి. ఇనుప సైటు మీద ఎంత దూరంలో నమ్మకంగా అరచేయంత చోట కొట్టగలవో అదే నీ హద్దు. పంది గుండెకాయ మనం అనుకునేదానికన్నా కిందికి, ముంగాళ్ల మధ్యకు ఉంటుంది. ముదురు మగపందికి జబ్బల మీద దట్టమైన డాలు లాంటి చర్మం ఉంటుంది. అది అడ్డంగా తిరిగి నిలబడేవరకు ఆగు, పరుగెత్తేదాని మీద, మంద మధ్యలో ఉన్నదాని మీద కాల్చకు. ఈ గుండు ఒక పందిని దాటి వెనుక ఉన్నదాన్ని కూడా గాయపరచగలదు. తినడానికే అయితే ముసలి మగపందిని వదిలేసి లేత పందిని ఎంచుకో.

సీతారామపురం రైతు

అయ్యా, మీరంతా ఎక్కడో టెక్సాస్ పందుల గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడుకుంటుంటే నా కడుపు మండుతోంది. మా ఊరి వేరుశెనగ పొలంలో కాయ ఊరే సమయానికి వెలిగొండ కొండల మీది నుంచి పందుల మంద దిగిందంటే తెల్లారేసరికి అరెకరం తిరగబడి ఉంటుంది. పాతచీరలు చుట్టూ కట్టాం, మంచె వేసి రాత్రంతా డప్పులు కొట్టాం, మంగలి అంగళ్ల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లాం. నాలుగు రోజులు బెదురుతాయి, ఐదో రోజు అలవాటు పడతాయి. కౌలు కట్టి, విత్తనం అప్పు తెచ్చి వేసిన రైతు ఏం చేయాలి? మా నాయన కాలంలో ఊళ్లో లైసెన్సు తుపాకి ఉండేది, పంది పడితే ఊరంతా పంచుకు తినేవారు. అమెరికాలో ఉన్నవాడికి తప్పుగాని పని ఇక్కడ పంట పోగొట్టుకున్నవాడికి ఎందుకు తప్పయిందో ఎవరైనా చెప్పండి. పోలీసులు పక్కన పడేసిన త్రీనాట్‌త్రీలు మా ఊరికొకటి ఇచ్చినా చాలు.

పెన్నా గట్టు (నెల్లూరు, న్యాయవాది)

అన్నా, మీ బాధ న్యాయమైనదే. మా బంధువులకు కలిగిరి వైపు పొలాలున్నందువల్ల నేను కూడా ఆ తవ్విన చేలను చూశాను. చట్టం ఉన్నదున్నట్టు చెబుతాను.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. దాని ప్రకారం అడవిపంది కూడా రక్షణలో ఉన్న జంతువే. చంపడం మాత్రమే కాదు, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర వేయడం, బోనులో పట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. 2022లో చేసిన సవరణ తర్వాత మామూలు నేరాలకు మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. మొదటి షెడ్యూలు జంతువులకైతే కనీస శిక్షే మూడేళ్లు. అయితే చట్టం రైతును పూర్తిగా గాలికి వదిలేయలేదు. 11వ సెక్షను ప్రకారం, జంతువు మనుషులకు గాని, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ప్రమాదకరంగా మారినపుడు ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయన అధికారమిచ్చిన అధికారి గాని రాతపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి మీద చంపిన జంతువు కూడా 39వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఆస్తి అవుతుంది. కళేబరాన్ని అధికారులు చెప్పినట్టు అప్పగించాలి. ఊరంతా పంచుకు తినడం ఇప్పుడు కుదరదు. అడవిపంది కూర అని చాటుగా అమ్మేవారి దగ్గర కొన్నవారు కూడా ఈ చట్టం కిందికే వస్తారు.

త్రీనాట్‌త్రీ విషయం వేరు. అది సైనిక తూటా వాడే తుపాకి కాబట్టి ఆయుధాల చట్టంలో నిషిద్ధ బోరు, అంటే మామూలు పౌరులకు ఇవ్వని గొట్టపు కొలత. సిపాయిల తూటా పౌరుల చేతిలో పనికిరాకూడదన్న ఆలోచన బ్రిటిషువారిది. అందుకనే మన దేశంలో పౌరులకు దానికి బదులుగా .315 తుపాకి తయారు చేశారు, ఇషాపూర్‌లో తయారయ్యే ఆ తుపాకికి కూడా మూలం లీ ఎన్‌ఫీల్డ్ బోల్టే. పంట కాపాడుకోవడానికి మందు కూరి పేల్చే తుపాకికి లైసెన్సు అడిగే వీలు 1959 ఆయుధాల చట్టంలో ఉంది. కానీ ఆ లైసెన్సు బెదిరించడానికి, ఆత్మరక్షణకు పనికొస్తుంది తప్ప వన్యప్రాణి చట్టం నుంచి మినహాయింపు ఇవ్వదు. ఒకటి పోలీసు, కలెక్టరు కార్యాలయాల పరిధి, మరొకటి అటవీశాఖ పరిధి. రెండూ విడివిడిగా కావాలి.

వెలిగొండ నడక (రాపూరు)

నేను ఈ చర్చను కొంత ఆందోళనతో చదువుతున్నాను. కనిగిరి బిడ్డ గారి మీద నాకు ఫిర్యాదు లేదు, ఆయన అడిగిన తీరు బాధ్యతగానే ఉంది. కానీ ఇది ఉదయగిరి, రాపూరు, గిద్దలూరు కుర్రాళ్లు కూడా చదువుతారు. అందుకని అక్కడి పందికీ ఇక్కడి పందికీ ఉన్న తేడాను స్పష్టంగా రాయాలి.

జాతి ఒకటే అయినా టెక్సాస్ పంది ఆ నేలకు చెందినది కాదు. పదహారో శతాబ్దంలో స్పెయిను దేశస్థులు ఓడల్లో తెచ్చిన పెంపుడు పందులు తప్పించుకొని, తర్వాత వేటకోసం వదిలిన ఐరోపా అడవిపందులతో కలిసి పెరిగిన సంతతి అది. దాన్ని అదుపులో ఉంచే పులి అక్కడ లేదు. మన పంది ఈ అడవిలో పుట్టినది. నల్లమలలోని నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది, అక్కడి పులికి, చిరుతకు దుప్పి, కణితి, అడవిపంది తిండి. వాటిని మనం తినేస్తే పులి మన దూడల కోసం దొడ్లోకి వస్తుంది. పెంచలకోన చుట్టుపక్కల అడవికి కూడా ఇదే వర్తిస్తుంది.

నాకు తుపాకికన్నా ఎక్కువ భయం పొలం చుట్టూ రాత్రిపూట కట్టే కరెంటు తీగ, పిండిలో చుట్టి పెట్టే నాటుబాంబు. తీగకు పందీ, చిరుతా, మనిషీ ఒకటే. తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్కచేను రైతు ఆ తీగ తగిలి చనిపోయిన వార్తలు మన జిల్లాల్లో కూడా చదువుతూనే ఉన్నాం. బాంబు కొరికిన జంతువు దవడ పగిలి, తినలేక, తాగలేక రోజుల తరబడి తిరుగుతుంది. రైతు గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది, దయచేసి ఆ రెండు దారుల్లోకి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకండి.

మరొక విషయం చెప్పాలి. విల్లంబులతో ఈ అడవిలో తరతరాలుగా బతికిన చెంచులకు కూడా 2006 అటవీ హక్కుల చట్టం భూమి మీద, తేనె, కాయలు, దుంపల వంటి అటవీ ఫలసాయం మీద హక్కు ఇచ్చి, వేటను మాత్రం పేరుపెట్టి మినహాయించింది. అన్నిటికన్నా ముందు ఈ అడవి మీద హక్కున్నవారే వదులుకోవలసి వచ్చిన దాన్ని, సరదా కోసం జీపులో వచ్చేవారు కోరడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

సీతారామపురం రైతు

మీరు చెప్పిన తీగల సంగతి మాకూ తెలుసు. మా ఊళ్లో ఎవరూ కట్టకుండా పెద్దలం గట్టిగానే చెప్పాం. పులి తిండి మాట కూడా ఒప్పుకుంటాను. అయితే పులి తిండి ఖర్చు మొత్తం కొండ అంచున ఉన్న రైతు ఒక్కడే మోయాలా అన్నది నా ప్రశ్న.

పశువైద్యురాలు (పొదిలి)

మాంసం గురించి అడిగారు కాబట్టి అంతవరకు రాస్తాను. పంది పడిన క్షణం నుంచి గడియారం మొదలవుతుంది. టెక్సాస్ ఎండ మన రోహిణి కార్తెకు తక్కువేమీ కాదు. వెంటనే పేగులు పగలకుండా తీసి, ఒంటి లోపలి వేడి పోయేలా మంచు సంచులు పెట్టి, వీలైనంత త్వరగా 4 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చల్లదనానికి తీసుకురండి. గుండు పేగుల్లో దూరి ఉంటే ఆ చుట్టుపక్కల మాంసం ఆశపడకుండా పారేయండి.

కోసేటపుడు చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అక్కడి అడవిపందుల్లో బ్రూసెల్లా సూయిస్ అనే సూక్ష్మజీవి ఉంటుంది. అది వేలి మీది చిన్న గాటు నుంచి, కంట్లో చిమ్మిన రక్తం నుంచి కూడా మనిషికి అంటుకొని, వచ్చిపోయే జ్వరంతో, కీళ్లనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. తర్వాతెప్పుడైనా అలాంటి జ్వరం వస్తే పందిని కోసిన సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి, లేకపోతే ఆయనకు ఆ అనుమానం రాదు. పచ్చి మాంసం, పేగులు కుక్కలకు వేయకండి. పందుల్లో ఉండే ఔజెస్కీ జబ్బు మనిషికి రాదు గాని కుక్క ప్రాణం తీస్తుంది. కోసినపుడు కొవ్వు నీలం రంగులో కనబడితే ఆ పందిని ముట్టుకోవద్దు. అక్కడ పందులకు పెట్టే ఒక విషపు ఎరలో కొవ్వును నీలంగా మార్చే రంగు కలుపుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ట్రైకినెల్లా అనే పురుగు. దాని పిల్లలు కండలోనే గూడు కట్టుకొని ఉంటాయి, కంటికి కనబడవు. పెంపుడు పంది మాంసంలో వాటిని గడ్డకట్టించి చంపవచ్చు గాని, అడవి జంతువుల్లో ఉండే కొన్ని రకాలు చలికి చావవు. కాబట్టి ఫ్రీజరును నమ్మకండి. ముక్క మధ్యలో 71 డిగ్రీల వేడి తగలాలి, సూది థర్మామీటరుతో కొలవండి. మనం చేసుకునే ఉప్పుకండ, పొగపట్టిన మాంసం ఈ విషయంలో క్షేమం కావు. ఉప్పు, ఎండ, పొగ ఆ పురుగును నమ్మకంగా చంపలేవు. ఉప్పుకండ చేయాలనుకుంటే ముందు పూర్తిగా ఉడికించి తర్వాత ఆరబెట్టుకోండి.

ఉలవపాడు వంటిల్లు

అబ్బాయ్, డాక్టరమ్మ చెప్పినదంతా పాటించిన తర్వాత వంట నేను చెబుతాను. అక్కడి అడవిపందికి మన ఊరపందికున్నంత కొవ్వు ఉండదు, కండ బిగువుగా ఉంటుంది. వేపుడు చేస్తే నారలాగా మిగులుతుంది, పులుసుగా నిదానంగా ఉడకాలి. జబ్బ, తొడ మాంసం పెద్ద ముక్కలుగా కోసి, పసుపు, ఉప్పు, అల్లంవెల్లుల్లి ముద్ద, కొంచెం పచ్చి బొప్పాయి గుజ్జు పట్టించి ఒక పూట చల్లటి పెట్టెలో ఉంచు. వేరుశెనగ నూనె కాస్త ధారాళంగానే వేసి, ఉల్లిపాయ ఎర్రగా వేగాక మాంసం వేసి, దాని నీరంతా ఇగిరేవరకు మూత తీసి వేయించు. ఈ దశలో తొందరపడితే వాసన మిగిలిపోతుంది. తర్వాత కారం, వేయించి పొడిచేసిన ధనియాలు, మిరియాలు ఎక్కువగా, లవంగం, చెక్క తక్కువగా వేసి, మునిగేటన్ని వేణ్నీళ్లు పోసి కుక్కరులో పెట్టు. ఎన్ని కూతలని చెప్పలేను, ముక్కను వేళ్లతో నొక్కితే విడిపోవాలి. చివరికి ఎండుకొబ్బరి, గసాలు నూరి కలిపి, చింతపండు పులుసు గాని, దొరికితే పచ్చిమామిడి గాని వేసి దగ్గరకు రానివ్వు. సంగటితోనే తిను, అన్నంతో ఆ రుచి రాదు.

కనిగిరి బిడ్డ

అక్కా, చదువుతుంటేనే ఆకలి వేస్తోంది. డాక్టరు గారికి ఇంకొక ప్రశ్న. మెత్తని ముక్కు గుండు లోపల విచ్చుకుంటుందని ఆయుధశాల గారు అన్నారు. అలా విచ్చుకున్నపుడు సీసం మాంసంలో కలవదా? మా ఇంట్లో చిన్నపాప ఉంది.

పశువైద్యురాలు (పొదిలి)

కలుస్తుంది. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు నా అభినందనలు, ఎందుకంటే వేటగాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోరు. సీసపు గుండు విచ్చుకుంటూ పోయేటపుడు కంటికి ఆనని రేణువులుగా రాలి, గాయం చుట్టూ జానెడు దూరం వరకు కూడా చెదురుతుంది. రక్తం గడ్డకట్టి నల్లబడిన భాగాన్ని మాత్రమే తీసేస్తే సరిపోదు, దానికి అవతల కూడా ధారాళంగా కోసి పారేయాలి. ఉలవపాడు అక్కగారు చెప్పిన పులుపు ఇక్కడ మరో చిక్కు తెస్తుంది. చింతపండు, మామిడి, నిమ్మ, వెనిగరు వంటి పులుపులు సీసాన్ని మరింతగా కరిగించి కూరలోకి దించుతాయి. గర్భిణులకు, పసిపిల్లలకు సీసం ఎంత తక్కువైనా క్షేమం కాదు. అందువల్ల మీ ఇంటివరకు నా మాట ఒక్కటే, సీసం లేని రాగి గుండుతోనే కొట్టండి. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసపు గుండు పూర్తిగా నిషేధం, కాబట్టి అలాంటి తూటాలు అక్కడ కొత్తవేమీ కావు.

ఆయుధశాల (ఒంగోలు)

డాక్టరు గారి మాట సబబు. త్రీనాట్‌త్రీకి కూడా రాగి గుండు తూటాలు తయారవుతున్నాయి, వెతికితే దొరుకుతాయి. ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. రాగి తేలిక కాబట్టి ఆ గుండు బరువు తక్కువగా ఉంటుంది, సైనిక గుండు తగిలిన చోటే తగలదు. దానికి వేరుగా గురి సరిచూసుకోవాలి. ఈ తుపాకి గొట్టం లోపలి కొలతలు యుద్ధకాలంలో ఒక్కోదానికి ఒక్కోలా ఉండేవి. 80 గజాల్లో మూడు తూటాలు అరచేయంత చోట పడకపోతే ఆ తూటా ఆ తుపాకికి సరిపడలేదని గ్రహించి మరో రకం ప్రయత్నించండి. మ్యాగజైనులో పెట్టేటపుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందువైపు ఉండేలా చూడండి, వెనుక పడితే బోల్టు బిగుసుకుపోతుంది.

కనిగిరి బిడ్డ

అందరికీ నమస్కారం. శీతాకాలం గడిచింది కాబట్టి జరిగినది రాస్తున్నాను. శిక్షణ తరగతి పూర్తిచేసి లైసెన్సు తీసుకున్నాను. తుపాకిని బాగుచేసేవారి దగ్గర కొలిపించాం, బోల్టు అంకె కలిసింది, ఖాళీ హద్దులోనే ఉంది. పాత తూటాల పెట్టెను మిత్రుడు జ్ఞాపకంగా దాచుకున్నాడు. రాగి తూటాల్లో రెండో రకం ఆ గొట్టానికి కుదిరింది. సైటు ఎత్తు తేడాకు గురి కాస్త కిందికి పట్టడం సాధనతో అలవాటైంది.

పొద్దువాలే వేళకు ఎండిన వాగు ఒడ్డున ఒక ఈడు ఆడపంది మంద నుంచి విడిగా, అడ్డంగా నిలబడినపుడు కొట్టాను. అది కొద్ది అడుగుల్లోనే పడిపోయింది. అంతకుముందు రెండుసార్లు మంద కలిసి ఉన్నందువల్ల కాల్చకుండా వదిలేశాం, దానికి కావలి అన్న గారికి కృతజ్ఞతలు. తొడుగులు వేసుకొని కోశాం, కొవ్వు తెల్లగానే ఉంది. తొడలు, జబ్బలు తెచ్చుకొని ఉలవపాడు అక్కగారు చెప్పినట్టే వండాం. సూది పెట్టి చూస్తే ముక్క మధ్యలో 90 డిగ్రీలు దాటింది. మాంసం రంగు ముదురుగా, రుచి నాటుకోడికీ పొట్టేలుకూ నడుమన ఉంది. మిత్రుని తల్లిదండ్రులు కూడా సంగటి ముద్దతో తిన్నారు. ఆ కారానికి వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు గాని రెండోసారి అడిగి వేయించుకున్నారు.

రైతు గారికి ఒక సంగతి చెప్పాలి. ఆ బీడు యజమాని తుపాకిని పంటరక్షణ సాధనంగా లెక్కచేయడం లేదు. ఒక పందిని కొడితే మిగిలిన మంద చెదిరి పక్క పొలానికి పోయి, వారం తిరక్కుండా రాత్రిపూట వస్తుందట. వాళ్లు నమ్ముకున్నది పెద్ద బోను.

సీతారామపురం రైతు

ఆ బోను ఎలా ఉంటుందో దయచేసి వివరంగా రాయండి.

కావలి అన్న (ఆస్టిన్)

నేను చెబుతాను. మనిషి ఛాతీ ఎత్తు గట్టి ఇనుప వల పలకలను గుండ్రంగా నిలబెట్టి ఇనుప గూటాలకు బిగిస్తారు. మూలలు ఉండకూడదు, మూల దొరికితే పందులు ఒకదాని మీదొకటి ఎక్కి దూకుతాయి. ద్వారం తెరిచే ఉంచి లోపల మొక్కజొన్న పోస్తూ మంద మొత్తం బెదురు లేకుండా లోపలికి వచ్చేవరకు ఓపికపడతారు. చీకట్లో ఫొటో తీసే కెమెరా పెట్టి లెక్క చూసుకుంటారు. మందలో ఉన్న పందులన్నీ లోపల ఉన్న రాత్రి మాత్రమే తలుపు దించుతారు. ఒక్కటి బయట మిగిలినా అది బోనుకు మళ్లీ రాదు. ఇక్కడి వ్యవసాయ విస్తరణ శాఖవారి అంచనా ప్రకారం, పందుల సంఖ్య పెరగకుండా నిలవాలంటేనే ఏటా మూడింట రెండొంతులు తీసేయాలి. తుపాకితో అది అసాధ్యం.

పెన్నా గట్టు (నెల్లూరు, న్యాయవాది)

రైతు అన్నా, బోనులో పట్టడం కూడా మన చట్టంలో వేటేనని పైన రాశాను కాబట్టి అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. ఒక్కరుగా కాకుండా దెబ్బతిన్న రైతులందరూ కలిసి, సర్వే నంబర్లు, పంట పేరు, విత్తిన తేదీ, నష్టపోయిన విస్తీర్ణం రాసి, తారీఖు కనబడే ఫొటోలు, గ్రామ వ్యవసాయ సహాయకుని ధ్రువీకరణ జతచేసి అటవీ రేంజి అధికారికి అర్జీ పెట్టండి. దాని నకలు జిల్లా అటవీ అధికారికి, కలెక్టరుకు కూడా పంపండి. అందులోనే పంట నష్టపరిహారం విడిగా అడగండి, 11వ సెక్షను కింద అటవీ సిబ్బంది ఆధ్వర్యంలో బోను పెట్టించమని విడిగా కోరండి. పట్టిన పందులను ఏం చేయాలన్నది వారి నిర్ణయం. అందిన రసీదు తప్పక తీసుకోండి. అర్జీ నేను రాసిపెడతాను, మీ ఊరి రైతుల పేర్లు, సర్వే నంబర్లు ఇక్కడ కాకుండా నాకు విడిగా సందేశంలో పంపండి.

సీతారామపురం రైతు

పంపుతున్నాను అయ్యా. మావి, పక్క ఊరివి కలిపి రాయిస్తాం. వేరుశెనగ ఊడ దిగకముందే రేంజి ఆఫీసులో ఇవ్వాలి.